ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు

గణేష్ శవం పత్తి కుప్ప కింద దొరికింది.

ఆదోని మార్కెట్ యార్డులో కొత్త పత్తి అప్పుడప్పుడే దిగుతోంది. వేలంపాటకు ముందు హమాలీలు ఒక కుప్పను సర్దుతుంటే చెప్పు ఒకటి బయటపడింది. చెప్పు పట్టుకుని లాగితే కాలు వచ్చింది. మనిషిని పూర్తిగా బయటకు తీశాక చూశారు. నోటి నిండా పత్తి, ముక్కు నిండా పత్తి, గోళ్ళ సందుల్లో పత్తి. మీద కుప్ప పోసి, ఊపిరి ఆగేదాకా ఎవరో దాని మీద కూర్చున్నారని పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు చెప్పాడు. ఒక్కరు కాదు, ఇద్దరో ముగ్గురో అయి ఉంటారన్నాడు.

యార్డులో గణేష్‌ను అందరూ కాటా గుమాస్తా అనుకునేవాళ్ళు. అతను ఇంటెలిజెన్స్ ఏజెంటని ఆ ఊళ్ళో తెలిసింది ఒక్క మనిషికే.

బావమరిదినని చెప్పి శవాన్ని తీసుకోవడానికి వచ్చింది మంజునాథ్. సంతకం పెట్టి, అంబులెన్స్ ఎక్కించి, ముఖం మీద గుడ్డ కప్పబోతూ ఆగాడు. గణేష్ కనురెప్పల మీద ఇంకా రెండు పోగులు అంటుకుని ఉన్నాయి. వేలితో తీసేశాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో ఒకే గది.

బ్రీఫింగ్ కర్నూలు దాటాక, హైవే పక్కన ఆపిన కారులో జరిగింది. చీఫ్ సుబ్రమణ్యం వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. పరామర్శ మాటలు ఆయనకు రావు. నేరుగా పనిలోకి దిగాడు.

"చనిపోయే ముందు ఫోన్ చేశాడు. ఒక్క ముక్క. 'సార్, డొమినికన్ టూర్ ఉత్త టూర్ కాదు.' అంతే, లైన్ కట్."

"డొమినికన్ రిపబ్లిక్?"

"కరీబియన్‌లో దీవి. స్పానిష్ మాట్లాడతారు. కొబ్బరి చెట్లు, తెల్ల ఇసుక, వెచ్చటి సముద్రం. ఆదోని నుంచి ఒక కొత్త జంట అక్కడికి సెలవులకు వెళ్తోంది. ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు. లక్కీ డ్రాలో తగిలిందట. పూర్తిగా ఫ్రీ."

"స్పాన్సర్?"

"దేవరాజు అని ఒకడు. ఎమ్మిగనూరులో విత్తనాలు, పురుగుమందుల డీలర్. మూడేళ్ళ కిందట ఎక్కడినుంచో వచ్చాడు. వెనక ఉన్నది హార్వెస్ట్."

ఆ పేరు మంజునాథ్‌కు తెలుసు. హార్వెస్ట్ ఏ ఒక్క దేశానికీ చెందిన ముఠా కాదు. ఎవరు కిరాయి ఇస్తే వాళ్ళ కోసం ఇంకొక దేశపు పంటను నాశనం చేస్తుంది. తుపాకీ పేలదు, సరిహద్దు దాటదు. కరువు వచ్చిందని, తెగులు వచ్చిందని జనం దేవుడిని తిట్టుకుంటారు.

చీఫ్ ట్యాబ్ ముందుకు చాపాడు. తెర మీద బూడిద రంగు పురుగు, పొడుగాటి ముక్కుతో.

"బాల్ వీవిల్. చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. పత్తి మొగ్గకు ముక్కుతో బొక్క పెట్టి లోపల గుడ్డు దాస్తుంది. పిల్లపురుగు మొగ్గ లోపలే తిని లోపలే పెరుగుతుంది. పైన ఎంత మందు కొట్టినా అందదు. మన బీటీ పత్తి కూడా దీన్ని ఆపలేదు. అమెరికా ఖండాల్లో ఉంది, ఆ దీవుల్లో ఉంది. మన దేశంలో లేదు. ఒకసారి దిగితే ఆదోనితో ఆగదు. గుంటూరు, వరంగల్, విదర్భ."

"జంట సూట్‌కేసులో తెప్పిస్తారంటారా?"

"అదే అనుమానం. ఇది ఉంచుకో."

రూపాయి బిళ్ళంత ఇనప బిళ్ళ, దానికి జతగా చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌పీస్. గోడకు అంటిస్తే అవతలి మాట వినిపిస్తుంది, పెట్టెకు అంటిస్తే లోపల పురుగు నడిచినా వినిపిస్తుంది. టూర్ నుంచి వచ్చే సామాను చెక్ చేయడానికని ల్యాబ్ వాళ్ళు ఇచ్చారు.

"ఆదోనిలో నీ కాంటాక్ట్ అనురాధ. 'నీలిమ హాలిడేస్' ఆమెదే. మొదట హార్వెస్ట్ పెట్టిన మనిషి. తర్వాత మన దగ్గరికి వచ్చి మీకూ పనిచేస్తానంది. గణేష్ ఎవరో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఇప్పుడు నీ పేరూ తెలుసు."

"మన మనిషేనా సార్?"

చీఫ్ అద్దంలోంచి రోడ్డు వైపు చూశాడు. "తెలిస్తే నిన్ను పంపేవాణ్ణి కాదు."

* * *

నీలిమ హాలిడేస్ మెయిన్ బజారులో బట్టల దుకాణం పై అంతస్తులో ఉంది. మంజునాథ్ మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు, నుదుట విభూతి. పేరు వీరేష్. బళ్ళారి మనిషి, బెంగళూరు కంపెనీలో టూర్ మేనేజర్.

లోపల జంట కూర్చుని ఉంది. సందీప్ పత్తి మండీ వాళ్ళ అబ్బాయి. భవ్యశ్రీ మెడలో నల్లపూసలు ఇంకా కొత్త మెరుపు పోలేదు. ఇద్దరి ముందూ దీవి ఫోటోలు పరిచి ఉన్నాయి. అనురాధ ఒక్కో బీచ్ గురించీ చెబుతోంది. సముద్రపు రంగు చీర, పొట్టి జుట్టు, సన్నటి వాచీ. గొంతులో తొందర లేదు. ఆమె చెబుతుంటే ఇసుక కాళ్ళకు తగులుతున్నట్టే ఉంది.

"బీచ్ హోటల్లో మూడు రాత్రులు, పాత టౌన్‌లో రెండు," అంది అనురాధ. "పడవలో తిమింగలాలు చూపిస్తారు గానీ అది చలికాలంలో. ఇప్పుడు తుఫాన్ల సీజను కాబట్టి గొడుగులు హోటల్ వాళ్ళే ఇస్తారు."

"సముద్రంలో దిగేటప్పుడు ఏం బట్టలు వేసుకోవాల మేడం?" అన్నాడు సందీప్. "మా అమ్మ చీరే కట్టుకోమంటాంది."

"మీ అమ్మగారు మీ వెంట రావడం లేదు కదండీ."

భవ్యశ్రీ తల వంచుకుని నవ్వింది. ఫోన్లో చూసి నేర్చుకున్నవి వరసగా అప్పజెప్పింది. "ఓలా అంటే నమస్కారం. గ్రాసియాస్ అంటే థ్యాంక్స్. సిన్ కార్నె అంటే మాంసం లేకుండా. ఇదొక్కటీ మరిచిపోవద్దని మా అత్తమ్మ దండం పెట్టింది."

మంజునాథ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మేడం, అక్కడ మజ్జిగ దొరుకుతాదా?"

అనురాధ చేతిలోని పెన్ను ఒక్క క్షణం ఆగింది. "దొరకదు. కొబ్బరినీళ్ళతో సరిపెట్టుకోవాల."

కోడ్ సరిపోయింది.

జంటకు వీసా సంగతి, విమానం మారే సంగతి, ఏ మందులు పెట్టుకోవాలో అన్నీ చెప్పి పంపేశాక ఆమె తలుపు గడియ వేసింది. నవ్వు అక్కడే రాలిపోయింది.

"చివరి రోజు హోటల్లో వాళ్ళకు రెండు బొమ్మలు గిఫ్ట్ ఇస్తారు," అంది. "వాటి లోపల ఉంటాయి. ఆ పిల్లలకు ఏమీ తెలీదు."

"నీకెవరు చెప్పినారు?"

"దేవరాజు."

"గణేష్‌ను వాళ్ళకు పట్టించింది ఎవరు?"

"నాకెట్ల తెలుస్తుంది?" అంది. జవాబు మరీ తొందరగా వచ్చింది. వెంటనే బీచ్ ఫోటోలు ఒక్కటొక్కటిగా సర్దడం మొదలుపెట్టింది. "దేవరాజు నిన్ను చూడాలన్నాడు. రేపు ఎమ్మిగనూరు పోవాల. పిల్లల వెంట ఎవరు పోతారో తనే తేల్చుకుంటాడంట."

మెట్లు దిగబోతుంటే వెనకనుంచి అడిగింది. "నువ్వు సముద్రం చూసినావా?"

"పని మీద పోయినప్పుడు."

"నేను చూడలేదు. రోజూ అమ్ముతాను, అంతే."

ఆ మాట నిజమో, మనసు మెత్తబరచడానికి వేసిన ఎత్తో అతనికి అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి మాటలు చాలా విన్నాడు. కొన్ని నిజమే అయ్యాయి. అందువల్ల లాభం ఎవరికీ కలగలేదు.

* * *

ఎమ్మిగనూరు మంజునాథ్ పుట్టిన ఊరు. తండ్రి నాగప్ప మగ్గం నేసేవాడు. తండ్రి పోయాక పదిహేనో ఏట ఊరు వదిలాడు. అప్పటినుంచి తిరిగి రాలేదు. ఇప్పుడు బస్సు దిగి నడుస్తుంటే చాలా వీధుల్లో మగ్గాల చప్పుడు లేదు. ఉన్న రెండు మూడు ఇళ్ళ ముందు మాత్రం కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. చీఫ్ తనను ఎంచుకోవడానికి ఈ ఊరి భాష తెలియడం ఒక కారణం. ఎవరైనా గుర్తుపడితే ప్రాణం పోవడానికి కూడా ఈ ఊరే కారణమవుతుంది.

దేవరాజు గోదాము ఆదోని రోడ్డులో ఊరి చివర ఉంది. ఒకప్పుడు ధాన్యం నిల్వ చేసిన గట్టి కట్టడం. ముందు పెద్ద ఇనప షట్టరు, వెనక చిన్న ఇనప తలుపు, కిటికీలు లేవు. లోపల ఒక వైపు అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మీద 'లింగాకర్షక బుట్టలు - ఉచితం' అని ముద్ర. గులాబీ రంగు పురుగును పట్టడానికి చేలో కట్టే బుట్టలు. పత్తి రైతులందరికీ తెలిసినవే.

దేవరాజు సన్నటి మనిషి. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు.

"కూర్చోండి వీరేష్ గారూ. ఏ ఊరన్నారు?"

"బళ్ళారి."

"ముఖం మాత్రం ఇక్కడిదిలా ఉంది." దేవరాజు కుర్చీలోంచి లేవకుండానే వాకిలి వైపు తిరిగి పిలిచాడు. "గోవిందన్నా, ఇటు రా."

కాపలా ముసలాయన లోపలికి వచ్చాడు. గోవిందన్న. పక్కింటి మనిషి. చిన్నప్పుడు తనను భుజం మీద ఎక్కించుకుని జాతరకు తీసుకుపోయిన మనిషి.

"ఈయన్ని ఎప్పుడైనా చూశావా? ఈ మధ్య తెలియనివాళ్ళు చాలామంది తెలిసినవాళ్ళలాగా వస్తున్నారు. అందుకని అడుగుతున్నా."

దేవరాజు కుడిచేయి టేబుల్ సొరుగులో ఉంది. అందులో ఏముందో ఊహించుకోవడానికి మంజునాథ్‌కు కష్టం కాలేదు.

గోవిందన్న దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి, తీరిగ్గా చూశాడు. "లేదు సామీ. ఈయప్ప ఎవరో నాకు తెల్దు."

సొరుగు మూసుకుంది. దేవరాజు కాఫీ చెప్పాడు. జంట ఏ రోజు బయలుదేరుతుంది, ఏ రోజు తిరిగి వస్తుంది, పాస్‌పోర్టుల మీద ముద్రలు సరిగా పడతాయా అని అడిగాడు. ముద్రల సంగతి రెండుసార్లు అడిగాడు. బొమ్మల ప్రస్తావన మాత్రం తేలేదు. మంజునాథ్ జవాబులు చెబుతూ, కుర్చీ వెనక్కి వాల్చి, పక్కనున్న అట్టపెట్టెకు ఇనప బిళ్ళను అంటించాడు. జుట్టు సర్దుకుంటున్నట్టు చెవిలో ఇయర్‌పీస్ నొక్కుకున్నాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత మెల్లగా, ఎండుటాకు మీద సన్న వాన పడుతున్నట్టు వినిపించింది. వందల కాళ్ళు. అట్టను గీరుతున్న వందల ముక్కులు.

అతను కాఫీ చివరి దాకా తాగాడు. కప్పు కింద పెట్టేటప్పుడు చప్పుడు రాకుండా రెండు చేతులతో పెట్టాడు. లేస్తూ ఇనప బిళ్ళను ఊడదీసుకున్నాడు.

గేటు దగ్గర గోవిందన్న తాళం తీస్తూ, వేరే వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు నాగప్ప కొడుకువి గదప్పా. మీ నాయన మగ్గం సప్పుడు మా ఇంట్లోకి ఇనపడేది."

"మరి ఎందుకు చెప్పలేదు మామా?"

"ఆయప్ప అడిగిన తీరు నాకు నచ్చలే."

"ఆ బుట్టలు ఎప్పుడు పంచుతారు?"

"రేపే. మధ్యాన్నం మీటింగు. తుగ్గలి నుంచి, కోడుమూరు నుంచి కూడా రైతులు వస్తాండారు. నేను గూడా ఒకటి అడిగినా. మా ఇంటిది సుంకులమ్మ రెండు దినాలుగా ఒకటే పోరు, మన సేన్లో గూడా కట్టాలని."

* * *

చీఫ్ ఫోన్లో అంతా విన్నాడు.

"పురుగు ముందే వచ్చేసిందంటావు. మరి టూర్ ఎందుకు?"

"పురుగును తేవడానికి కాదు సార్, తెచ్చింది ఆ పిల్లలేనని చెప్పడానికి. రేపు రైతులు తమ చేతులతో తమ చేలల్లోనే కట్టుకుంటారు. తెగులు బయటపడేసరికి నెల పైన పడుతుంది. అప్పుడు విచారణ జరుగుతుంది. ఆదోని నుంచి ఆ దీవికి వెళ్ళి వచ్చినవాళ్ళు ఎవరు? ఒకే ఒక్క జంట. పాస్‌పోర్టు మీద ముద్ర ఉంది. ఇంట్లో రెండు బొమ్మలు ఉన్నాయి. టూరిస్టుల పొరపాటు. కేసు క్లోజ్."

"మొక్కల క్వారంటైన్ టీమ్ రేపు సాయంత్రానికి గానీ రాదు."

"పోలీసులను పంపితే?"

"ఎవడో ఒకడు పెట్టె విప్పుతాడు. లేదా దేవరాజే విప్పుతాడు. గుడ్లున్న ఒక్క ఆడపురుగు చాలు. ఆ గోదాములోంచి ఒక్కటి కూడా ప్రాణంతో బయటికి రాకూడదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "పాత ధాన్యం గోదాము అన్నావు. పొగ బిళ్ళలు ఉంటాయా?"

"డబ్బాలు చూశాను సార్. మూలన ఉన్నాయి."

పురుగు పట్టకుండా ధాన్యానికి పెట్టే విషపు బిళ్ళలు అవి. డబ్బా మూత తీస్తే గాలి తగిలి గ్యాస్ లేస్తుంది. మూసిన గదిలో ఏదీ బతకదు. మనిషైనా అంతే.

ఆ మధ్యాహ్నమే మంజునాథ్ ఆదోని వెళ్ళి అనురాధను కలిశాడు. పెట్టెల్లో విన్నది చెప్పాడు. ఆమె ముఖంలో రంగు దిగిపోవడం చూశాడు. అది నటన అయితే దేశంలో అంత బాగా నటించేవాళ్ళు లేరు.

"బొమ్మలని చెప్పినాడు నాకు," అంది. "బొమ్మలను ఎయిర్‌పోర్టులోనే పట్టిస్తే సరిపోతుంది అనుకున్నా."

"గణేష్ పెట్టెల సంగతి కనిపెట్టినాడు. అందుకే చంపినారు. అతను ఎవరో చెప్పింది నువ్వే."

ఆమె కాదనలేదు. కిటికీ కింద బజారులో ఎవరో ఆటో వాడితో తగువాడుతున్నారు. ఆమె లేచి కిటికీ మూసింది.

"ఒక పేరు ఇయ్యమన్నాడు. ఇస్తేనే నన్ను నమ్ముతానన్నాడు. బెదిరించి పంపిస్తాడులే అనుకున్నా. చంపుతాడని అనుకోలేదు, అంటే నువ్వు నమ్మవు. నాకే నమ్మబుద్ధి కావడం లేదు."

మంజునాథ్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ క్షణంలో ఆమె గొంతు పట్టుకోకుండా అతన్ని ఆపింది ఒక్కటే. రేపు గోదాములోకి అనుమానం రాకుండా పోగలిగే మనిషి ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

"రేపు మీటింగులో లక్కీ డ్రా గెలిచిన జంట పేరు స్టేజీ మీద చెప్పేది నేనే," అంది ఆమె, అతని మనసు చదివినట్టు. "ముందు లోపలికి పోతా. చీర సర్దుకోవాలని షట్టరు దించుతా. డబ్బాలు విప్పి వెనక తలుపులోంచి వచ్చేస్తా. బయట గడి పెట్టే ఉంచు. నేను తట్టితే తీయి, రాగానే మళ్ళీ పెట్టు."

"నిన్ను నమ్మమంటావా?"

"వద్దు. గడి మీద చెయ్యి పెట్టుకుని నిలబడు, చాలు."

* * *

మరుసటి రోజు షామియానా కింద రైతులు నిండిపోయారు. మైకులో పాటలు చెవులు పగిలేటట్టు మోగుతున్నాయి. ఎర్రతలపాగాలు, తువ్వాళ్ళు, చంకల్లో ఖాళీ సంచులు. బుట్టలు తీసుకుపోవడానికి తెచ్చుకున్న సంచులు.

దేవరాజు మైకు ముందు నిలబడి, రైతే రాజు అన్నాడు. చప్పట్లు కొట్టారు. అనురాధ ఆకుపచ్చ పట్టుచీరలో వచ్చింది. అందరి కళ్ళూ ఆమె మీదే. ఆమె దేవరాజుతో ఏదో చెప్పి గోదాములోకి నడిచింది. షట్టరు కిందికి దిగడం మొదలైంది.

గోదాము వెనక మంజునాథ్ ఇనప తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి గడి మీద ఉంది. చప్పుడు వినే ఇనప బిళ్ళను తలుపుకు అంటించాడు. చెవిలో డబ్బా మూత తిరుగుతున్న చప్పుడు. ఒకటి. ఇంకొకటి. తర్వాత ఆమె అడుగులు, తలుపు వైపు.

వెంటనే ఇంకొకరి అడుగులు. షట్టరు పూర్తిగా మూసుకునే లోపే ఎవరో దాని కింది నుంచి దూరి వచ్చారు.

"చీర సర్దుకోవడానికి ఇంతసేపా?" దేవరాజు గొంతు. ఆగింది. గాలి పీల్చినట్టున్నాడు. "ఏమిటీ వాసన?"

పెనుగులాట. పెట్టెలు కూలిన చప్పుడు. అడుగులు తలుపు దాకా ఈడ్చుకుంటూ వచ్చాయి. ఇనప రేకుకు అవతల, ఒక్క జానెడు దూరంలో ఇద్దరి ఊపిరీ వినిపిస్తోంది.

"బయట ఉన్నది టూర్ మేనేజరే కదా," అన్నాడు దేవరాజు. గొంతు ఇప్పుడూ మెత్తగానే ఉంది. "వీరేష్ గారూ, గడియ తీయండి. లేకపోతే ఈమెను కాల్చేస్తాను."

మంజునాథ్ వేళ్ళు గడి మీద బిగిశాయి. తీస్తే ఇద్దరూ బయటికి వస్తారు. వాళ్ళతో పాటు విరిగిన పెట్టెల్లోంచి లేచినవి కూడా వస్తాయి. ఎదురుగా కనుచూపు మేర పత్తి చేలు, మొగ్గ మీద ఉన్నాయి.

అతను గణేష్‌ను గుర్తుచేసుకున్నాడు. గుర్తుచేసుకుంటే పని సులువవుతుందని అనుకున్నాడు. సులువు కాలేదు.

"మంజునాథ్." ఆమె అతని అసలు పేరు పలకడం అదే మొదటిసారి. మాట మధ్యలో దగ్గు. "గడి తీయద్దు."

అతను తీయలేదు.

తుపాకీ మోత మైకు పాటలో కలిసిపోయింది. తలుపు మీద ఏదో బరువుగా జారి కిందికి వెళ్ళింది. ఆ జారడాన్ని అతను అరచేత్తో విన్నాడు.

తర్వాత పరుగు. దేవరాజు ముందు వైపు పరిగెత్తుతున్నాడు, షట్టరు ఎత్తడానికి.

మంజునాథ్ గోదాము చుట్టూ తిరిగి ఉరికాడు. షట్టరు అప్పటికే జానెడు లేచింది. ఆ సందులోంచి ఒక చెయ్యి, చేతిలో మూత ఊడిన అట్టపెట్టె. తను చచ్చినా పని జరిగిపోవాలని పెట్టెను బయటికి నెట్టుతోంది. మంజునాథ్ బూటుకాలితో పెట్టెను లోపలికి తన్ని, రెండు కాళ్ళతో షట్టరు పిడి మీదికి దూకాడు. ఇనుము నేలను తాకింది. గోవిందన్న ఎక్కడినుంచి వచ్చాడో, వంగి తాళం వేసేశాడు. ఏమిటని అడగలేదు.

షట్టరు లోపలి నుంచి కొట్టుకుంది. చాలాసేపు కొట్టుకుంది. తర్వాత అప్పుడప్పుడు. తర్వాత లేదు.

అరుగు మీద ఒక బూడిద రంగు చుక్క కదిలింది. రెక్కలు విప్పుకుంటోంది, లేవబోతోంది. మంజునాథ్ మోకాళ్ళ మీద పడి అరచేత్తో అదిమాడు. చెయ్యి తీసి చూశాడు. మళ్ళీ అదిమాడు.

గోవిందన్న మైకు దగ్గరికి పోయి పాట ఆపించాడు. "అప్పా, గోదాములో మందు గ్యాసు లీకయినాది. ఎవురూ ఈడ ఉండద్దండి. ఊరి దిక్కు పోండి, దూరం పోండి."

రైతులు లేచారు. కొందరు ఖాళీ సంచులు దులుపుకుంటూ వెనక్కి వెనక్కి చూస్తూ పోయారు.

* * *

క్వారంటైన్ టీమ్ రెండు రోజులు గోదామును మూసే ఉంచింది. తెరిచినప్పుడు లోపల కదిలేది ఏదీ లేదు. పురుగులను ఊడ్చి డ్రమ్ములకెత్తి కాల్చారు. అనురాధ తలుపుకు ఆనుకుని కూర్చుని ఉంది. గుండు తగిలింది భుజానికే. ఆమెను చంపింది గ్యాస్ అని డాక్టరు చెప్పాడు. మంజునాథ్ ఆ మాటను రెండోసారి చెప్పించుకోలేదు.

పేపర్లో గోదాము ప్రమాదం అని పడింది. డీలరు, ట్రావెల్స్ ఓనరు మృతి. ఏ పేజీలోనో అడుగున. హార్వెస్ట్ మాట ఎక్కడా లేదు.

చీఫ్ ఫోన్ చేశాడు. "ఆమె మన మనిషేనా? ఫైలు క్లోజ్ చేయాలి."

"చివర్లో అయింది సార్."

"గణేష్ సంగతి?"

"అది కూడా ఆమే."

"ఫారంలో రెండూ రాయడానికి గడి లేదు. ఏదో ఒకటి చెప్పు."

మంజునాథ్ ఫోన్ పెట్టేశాడు.

గోవిందన్న దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్తే ముసలాయన చేను గట్టు మీద నిలబడి ఉన్నాడు. మొగ్గలు గట్టిగా, నిండుగా ఉన్నాయి.

"పుణ్యానికి వచ్చే బుట్టలు పాయెనని రైతులంతా తిట్టుకుంటాండారప్పా," అన్నాడు. "సుంకులమ్మ గూడా తిట్టింది. ఏం సెప్పాలో తెలీక ఊరుకున్నా."

"నువ్వు ఏమీ అడగవేంది మామా?"

"ఆయమ్మ చచ్చిపోయింది. నువ్వు తలుపు తీయలే. నేను తాళం ఏసినా. ఇంక అడిగేదానికి ఏముండాది?"

ఆఖరి పని ఆదోనిలో ఉంది. నీలిమ హాలిడేస్‌లో డిపార్టుమెంటు సామాను ఏదైనా ఉంటే తీసేయాలి. తీసి, తాళం వేసి మెట్లు దిగుతుంటే సందీప్, భవ్యశ్రీ ఎక్కి వస్తున్నారు. చేతుల్లో బట్టల దుకాణం కవర్లు. పేపర్లో మండీ రేట్లు తప్ప చదవని కుటుంబం. లోపలి పేజీ వార్త చూడలేదని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి.

"వీరేష్ సార్, మీ ఫోన్ కలవడంలే," అన్నాడు సందీప్. "మా టూర్ ఉన్నట్టా, లేనట్టా?"

"క్యాన్సిల్ అయింది. దీవి మీద పెద్ద తుఫాను."

భవ్యశ్రీ కవరు ఛాతీకి హత్తుకుంది. "మేడం ఏరీ? ఆమెను ఒక మాట అడిగి పోతాం. అన్నీ అంత బాగా ప్లాన్ చేసింది పాపం."

"మేడం సెలవు మీద పోయినారు."

"మాకంటే ముందే పోయినారా?" అన్నాడు సందీప్, కొంచెం నిష్ఠూరంగా. "ఎన్ని రాత్రుల ప్యాకేజీ?"

మంజునాథ్ వాళ్ళకు దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు.

"ఆమె రాత్రులు లెక్క పెట్టి తీసుకోలేదండీ."